ఎర్ర నిక్కరు

నడుము ఆపరేషన్ అయ్యాక డాక్టర్ మామూలు సైకిల్ వద్దన్నాడు. సలోమి ఊరుకోలేదు. పడక కుర్చీలో లాగా వెనక్కి వాలి, కాళ్లు ముందుకు చాపి తొక్కే మూడు చక్రాల సైకిల్ కొని, అమెరికాలో తాముండే చాండ్లర్ ఊరి వీధుల్లో రోజూ తిరుగుతోంది. సల్వారు అంచు గొలుసులో పడుతోందని, చర్చి స్నేహితురాలు షెరిన్‌ని వెంటబెట్టుకుని సైకిల్ తొక్కేవాళ్లు వేసుకునే నిక్కరు కొనడానికి వెళ్లింది. తన సైకిల్ సీటే మెత్తగా ఉంటుంది కనుక, కూర్చునేచోట దళసరి ప్యాడ్ కుట్టినవి పక్కన పెట్టేసింది. ఒక నల్లది తొడుక్కొచ్చి, షాపు మధ్యలో వెల్లకిలా పడుకుని సైకిల్ తొక్కినట్టు గాలిలో కాళ్లు ఆడించి చూసింది. తొడ కింద కుట్టు ఒరుసుకోలేదు, అంచు పైకి జారలేదు.

“లేవండక్కా, అందరూ చూస్తున్నారు!” అంది షెరిన్.

“కదల్లేక మంచాన పడున్నప్పుడు చూశారుగా. ఇప్పుడూ చూడనీ,” అని, లేవకుండానే షాపు అమ్మాయిని అడిగింది సలోమి, ఇదే ఎరుపులో ఉందా అని.

ఆదివారం ఆ ఎర్ర నిక్కరుతోనే చర్చి ముందు సైకిల్ దిగింది.