అత్తయ్య నూరిన ఉలులు

వచ్చే నెల పురిటికి రాబోతున్న మా అమ్మాయి మొన్న దంతెవాడ నుంచి ఫోన్ చేసి, "అమ్మా, తాతయ్య చేసిన తొట్టి ఉందా, కొత్తది కొనమంటావా?" అని అడిగింది. కొనడమా! నాకు కోపమే వచ్చింది. అప్పటికప్పుడు మావారిని కుర్చీ ఎక్కించి అటక మీది తొట్టి దింపించాను. మోకాళ్ళ నొప్పుల మనిషిని ఈ వయసులో కుర్చీలెక్కిస్తావా అని ఆయన గొణుగుతూనే దింపారు. తొట్టిలో నూనెగుడ్డ మూట కనబడింది. అందులో ఆ తొట్టి చేసిన మామయ్య ఉలులున్నాయి.

తలుపులూ కిటికీలూ చేసేవాళ్ళ బల్లపరుపు ఉలులు కావవి. కొన వేలిగోరులా వంపు తిరిగి ఉంటుంది. చెక్క మీద ఆకుల మధ్య పల్లం, పూరేకుల మడత తీయడానికి పనికొస్తాయి. మామయ్యకి జగదల్‌పూర్ బజారులో కిరాణా దుకాణం ఉండేది. సంస్థానం విలీనమై రాజుగారింటి పనులు తగ్గాక ఖాళీగా కూర్చున్న ఒక ముసలి వడ్రంగి, చింతపండు కోసం వచ్చి, గల్లాపెట్టె దగ్గర పుల్ల చెక్కుకుంటున్న కుర్రవాడిని చూసి దగ్గరికి తీశాడట. ఆ కుర్రవాడే మామయ్య. అప్పట్నుంచి ఆయన ధ్యాసంతా చెక్క మీదే. పంచదార అడిగినవాళ్ళకి ఉప్పు పొట్లం కట్టిచ్చిన సంగతి అత్తయ్య వచ్చిన చుట్టాలందరికీ చెప్పి నవ్వించేవారు.

కోంటాలోని మా పుట్టింట్లో అమ్మ లేదు. అందుకని నా మొదటి పురుడు అత్తయ్యే పోస్తానన్నారు. మామయ్య టేకు పలకలు తెప్పించి తొట్టి మొదలుపెట్టారు. తలవైపు పలక మీద ఇప్పపూల గుత్తులు, అటూ ఇటూ రెండు చిలకలు. బారసాల నాటికి బిడ్డని అందులో వేయాలని ఆయన పట్టుదల. దసరా ముందు ఉలులన్నీ ముందేసుకుని రోజుల తరబడి నూరారు. ఇన్ని రోజులెందుకు పడుతున్నాయని ఎవరమూ అడగలేదు.

మహానవమికి పనిముట్లు పూజలో పెట్టడం మన ఇళ్ళలో ఉన్నదే. ఏటా మామయ్యే ఉలుల పిడులకి మాత్రం బొట్లు పెట్టి ఊరుకునేవారు. ఆ ఏడు, "ఈసారి నువ్వే పెట్టవే" అన్నారు. అత్తయ్య మురిసిపోయారు. పిడికి పెడితే అమ్మవారు ఊరుకుంటుందా అని, పసుపు చిక్కగా కలిపి ఇనుమంతా కొసదాకా పూసి, కుంకుమ దిద్ది, తడిగుడ్డ కప్పి పెట్టారు. దానికి తోడు, జగదల్‌పూర్ వచ్చాక అత్తయ్య సొంతంగా పెట్టుకున్న నియమం ఇంకోటుంది. దసరా రథం ఊరి బయటికి వెళ్ళి ఏకాదశి నాడు తిరిగి వచ్చేదాకా పూజలోంచి ఏదీ కదపకూడదు. రథం వచ్చింది, జనం అరుపులు విన్నాం, అత్తయ్య దణ్ణం పెట్టుకుని గుడ్డ తీశారు. ఉలుల అంచులన్నీ తుప్పు పట్టి ఉన్నాయి.

మామయ్య ఒక్కొక్క దాని మీదా బొటనవేలు ఆనించి చూసి, గోడకి చేరగిలబడ్డారు.

"ఏందయ్యా, గట్ల కూసున్నవ్? మళ్ళ నూరుకుంటే పాయె గద!" అన్నారు అత్తయ్య.

"అంచు నాకు కానొస్తలేదే. ఇవన్నీ తడుముకుంట తడుముకుంట నూరిన. తొట్టి అయ్యేదాంక ఈ పదును చాలు అనుకున్న."

"డాక్టర్‌కు చూపియ్యరాదు?"

"చూపిచ్చిన. కంటి నరం పోయిందట. ఆపరేషన్ జేసినా రాదని రాయపూర్‌ల చెప్పిన్రు."

అత్తయ్య వంటింట్లోకి వెళ్ళి, తోమిన గిన్నెలే మళ్ళీ తోమారు. ఆ చప్పుడు వింటుంటే నాకు ఏడుపొచ్చింది.

మర్నాడు పొద్దున్నే ఆవిడే సానరాయి, నీళ్ళచెంబు తెచ్చి మామయ్య ఎదురుగా పీట వేసుకు కూర్చున్నారు. "నా కండ్లకేం రోగం లేదు గద. చెప్పు, ఎట్ల పట్టాలె?"

మొదటి ఉలిని బలమంతా పెట్టి నొక్కేసరికి దాని మూలలు అరిగిపోయాయి. "అల్లం గాదే అది!" అని మామయ్య గగ్గోలు పెట్టారు. వంపు ఉలిని రాయి మీద ముందుకీ వెనక్కీ నడిపిస్తూనే, మణికట్టుని ఇటునుంచి అటు దొర్లించాలట. పసిపిల్ల తలకి నూనె రాసేటప్పుడు తిప్పినంత నెమ్మదిగా. ఎంత చెప్పినా కుదరక, ఆయనే అత్తయ్య మణికట్టు పట్టుకుని దొర్లించారు. "కోడలు చూస్తాంది" అని అత్తయ్య చెయ్యి లాక్కోబోయారు. "చూస్తే చూడనియ్యి" అన్నారాయన. నేను బియ్యంలో లేని రాళ్ళు ఏరుతూ కూర్చున్నాను.

"ఎలుతురుకు పట్టి చూడు. అంచు మీద తెల్లగీత మెరుస్తాందా?"

"మెరుస్తాంది."

"అయితే ఇంక మొద్దుగనే ఉన్నది. పదునైన అంచు కండ్లకు కానరాదు."

అత్తయ్య మళ్ళీ నూరేవారు. గీత మాయమయ్యాక, లోపలివైపు మడత పడిన అంచుని సన్నని గుండ్రాయితో తీసి, పాత బెల్టు తోలు మీద వెనక్కి లాగి ఆయన చేతికిచ్చేవారు. అత్తయ్య కంటితో చూసినదాన్ని మామయ్య వేలితో చూసేవారు. అలా నాకు నెలలు నిండాయి. పాప పుట్టాక నాకు నీళ్ళు పోసి, పాపకి పోసి, తడిచీరతోనే సానరాయి ముందు కూర్చునేవారు అత్తయ్య. ఎడమచేతి వేళ్ళతో గీతలు తడుముకుంటూ మామయ్య చెక్కేవారు. బారసాల నాటి పొద్దున, ఆఖరి ఇప్పపువ్వుకి మడత పెట్టి ఉలి కింద పెట్టారు.

ఎడమవైపు చిలకకి ముక్కు కాస్త చీరుకుపోయి ఉంటుంది. అత్తయ్య మూలలు అరగదీసిన ఉలి పనది. వచ్చినవాళ్ళు అదేమిటంటే మామయ్య, "అది మా ఆమె చిలక" అని గర్వంగా చెప్పేవారు. సరిచేస్తాననలేదు.

ఆయన పోయాక కూడా అత్తయ్య ఏటా దసరాకి ఉలులన్నీ నూరేవారు, బొట్టు మాత్రం పిడికే. ఇంక ఎవరు చెక్కుతారత్తయ్యా అని ఒకసారి అడిగాను. "ఆయన వచ్చి బొటనవేలు ఆనిచ్చి చూస్తే, నేను మాట పడొద్దు గద" అన్నారు. నేను నవ్వబోయి, ఆవిడ ముఖం చూసి ఆగిపోయాను. తర్వాత ఆవిడా వెళ్ళిపోయారు.

మొన్న మూట విప్పి, ఒక ఉలి తీసి కిటికీ దగ్గర పట్టుకున్నాను. ఏళ్ళ తరబడి అరిగి వేలెడే మిగిలింది. అంచు మీద తెల్లగీత మెరిసింది. నేను సానరాయి ముందు పీట వాల్చుకున్నాను. "నీకు వచ్చా?" అంటూనే మావారు నీళ్ళచెంబు తెచ్చి పక్కన పెట్టారు. అత్తయ్య పోయి ఎన్నేళ్ళయిందో నేనెప్పుడూ లెక్కపెట్టుకోలేదు. ఆ ఏళ్ళన్నీ ఆ గీత మీదే ఉన్నాయి.