గ్రాంటు ఉన్నన్నాళ్లు

ఆ రోజు మా ఆయన గోవిందరాజు కాలాపేట నుంచి మోపెడ్ తానే నడుపుకుంటూ ఇంటికి వచ్చారు. మోచేయి గీసుకుపోయింది, చొక్కా భుజం దగ్గర చినిగింది. ఈసీఆర్ రోడ్డు మీద వెనక నుంచి ఒక వ్యాను తగిలి పడ్డానని, అక్కడి వాళ్లు లేపి కూర్చోబెట్టారని చెప్పారు. హెల్మెట్ హ్యాండిల్‌కే వేలాడుతోంది. "ఏం కాలేదు మే, కాఫీ పెట్టు" అన్నారు. నన్ను ఎప్పుడూ మే అనే పిలుస్తారు. కాఫీ తాగారు, స్నానం చేశారు.

మధ్యాహ్నం అన్నం దగ్గర నీళ్ల గ్లాసు చూపించి "గొడుగు ఇయ్యి" అన్నారు. నేను నవ్వాను. ఎండలో పడి వచ్చారు కదా, తల తిరుగుతోందేమో అనుకున్నాను. మళ్లీ గొడుగే అడిగారు. ఈసారి ఆయన ముఖంలో కోపం ఉంది, అడిగింది ఇవ్వడం లేదని. కాసేపటికి వాంతి చేసుకున్నారు, తర్వాత లేపినా లేవని నిద్రలోకి పోయారు. మా మరిది శేఖర్ పరుగున వచ్చి ఆటోలో ఆస్పత్రికి తీసుకుపోయాడు.

సీటీ స్కాన్ తీశారు. "బ్రెయిన్‌లో లెఫ్ట్ సైడ్ పెద్ద క్లాట్ ఉంది. వెంటనే సర్జరీ చేయాలి" అన్నారు డాక్టర్. పుర్రె తెరిచి చేసే ఆ ఆపరేషన్‌ను క్రేనియాటమీ అంటారని తర్వాత తెలిసింది. ఐసీయూలో వెంటిలేటర్ పెట్టారు, గొంతు దగ్గర ట్రెకియాస్టమీ చేసి ఊపిరికి గొట్టం పెట్టారు. చాలా రోజుల తర్వాత కళ్లు తెరిచారు. ఆ గొట్టం తీసేశాక కూడా మాట రాలేదు. కుడి చేయి, కుడి కాలు లేవలేదు.

మా ఆయన మాట మీద బతికిన మనిషి. మాది వల నూలు, తాళ్లు అమ్మే అంగడి. సోలై నగర్ నుంచి కాలాపేట దాకా తమిళ జాలర్ల ఇళ్లకు తిరిగి సరుకు వేసి, బేరం చేసి, తగువు పడి, మళ్లీ వాళ్ల ఇంట్లోనే టీ తాగి వచ్చేవారు. అందుకే డాక్టర్‌ను నేను అడిగింది ఒక్కటే, మాట వస్తుందా అని. వార్డులో రోజూ వచ్చి, చెయ్యి ఎత్తండి, నాలుక చూపించండి అనేవారు. ఆయన చూస్తూ ఉండేవారు, అంతే. చివరికి గ్లోబల్ అఫేసియా అన్నారు. "మాట్లాడలేరు. మనం చెప్పేది కూడా లోపలికి వెళ్లడం లేదమ్మా" అని డాక్టర్ మెల్లగా చెప్పారు.

ఇందిరా నగర్‌లో ఉన్న మా ఇంటికి తీసుకొచ్చి ముందు గదిలో మంచం వేశాం. చూడటానికి చుట్టాలు వచ్చేవారు. లోపలికి ఏమీ వెళ్లడం లేదని డాక్టరే చెప్పారు కదా, అందరూ ఆయన ముందే అన్నీ మాట్లాడేవారు. శేఖర్ మంచం అంచున కూర్చుని ఏడ్చేవాడు. "అన్న పని అయిపోయింది వదినా. ఇట్టా పడి ఉండేదానికన్నా ఆ పొద్దే పోయుంటే మేలు" అన్నాడు ఒకసారి. అన్నంటే ప్రాణం వాడికి. చూడలేక అన్న మాట అది.

తర్వాత చెకప్‌కు పోయినప్పుడు డాక్టర్ ఒక ప్రాజెక్ట్ గురించి చెప్పారు. రోడ్డు మీద తలకు దెబ్బ తగిలిన వాళ్లు ఎంతవరకు కోలుకుంటారో చూసే రీసెర్చ్ అట. బయటి నుంచి గ్రాంటు వచ్చింది. ఆ డబ్బుతోనే థెరపిస్టులు వారం వారం ఇంటికి వస్తారు, మేము ఏమీ కట్టక్కర్లేదు. సంతకం పెట్టమన్నారు, వేలిముద్ర వేశాను.

అలా వచ్చింది స్పీచ్ థెరపిస్ట్ లావణ్య. యానాం అమ్మాయి, చెన్నైలో చదివింది. ఫైల్‌లో ఉన్న ప్రకారం తమిళంలోనే ఆయనకు బొమ్మలు చూపించి అడిగేది. కొన్ని వారాలు గడిచినా ఆయనలో చలనం లేదు. ఒక రోజు ఆమె కాగితాలు సర్దుకుంటూ ఉండగా నేను అలవాటుగా "బావా, నీళ్లు తాగుతావా?" అన్నాను. ఆయన నా మేనమామ కొడుకు, నాకు బావే. ఆయన తల తిప్పి గ్లాసు వైపు చూసి నోరు తెరిచారు. లావణ్య చేతిలో కాగితాలు అలాగే ఉండిపోయాయి.

"మీరు ఇంట్లో తెలుగు మాట్లాడతారాండి? మరి ఫైల్‌లో మదర్ టంగ్ తమిళం అని ఉందేంటండి?" అంది.

"యాడ అడిగినా అట్లే చెప్తామమ్మా. బడిలో అయినా, రేషన్‌కి అయినా. తెలుగు ఇంట్లో మాట్లాడుకునేది కదా, దాన్ని బయట ఎవురికి చెప్తాం?" అన్నాను.

నిజంగానే అంతే. మా తాతల కాలం నుంచి ఈ తమిళ ఊళ్లోనే ఉన్నాం. ఆస్పత్రిలో నర్సు అడిగినప్పుడు శేఖర్ తమిళమన్నాడు. మా వాళ్లలో ఎవరిని అడిగినా అదే చెప్పేవారు.

లావణ్య వెంటనే తెలుగులో "కళ్లు మూసుకోండి" అంది. ఆయన ఆమె వైపే చూస్తూ ఉన్నారు. మీరు చెప్పండి అని నాకు సైగ చేసింది. "బావా, కండ్లు మూసుకో" అన్నాను. మూసుకున్నారు. "నూలు యాడుంది, చూపించు" అన్నాను. ఎడమ చేయి లేచి గది మూలన ఉన్న నూలు కట్టల వైపు చూపించింది. దెబ్బ తగిలాక కొందరికి ఒక భాష పోయి ఇంకొకటి మిగులుతుందని, చిన్నప్పటి నుంచి విన్న గొంతు, విన్న యాస అయితే ఇంకా తేలిగ్గా అందుతుందని లావణ్య చెప్పింది. ఆ అమ్మాయి సంతోషంతో మాట్లాడుతోంది. నాకు మాత్రం శేఖర్ మాటలు గుర్తొచ్చాయి. డాక్టర్లు తమిళంలో చెప్పినవి ఆయనకు అందలేదు. ఇంట్లో మేము తెలుగులో అనుకున్నవన్నీ అందాయి.

సాయంత్రం శేఖర్‌కు చెప్పాను.

"అంటే వదినా, నేను అన్నిందంతా?"

"విన్న్యాడు."

వాడు పోయి అన్న కాళ్ల దగ్గర కూర్చున్నాడు. మా ఆయన ముఖం గోడ వైపు తిప్పుకున్నారు. అంతకుముందు కూడా ఆయన అలా చాలాసార్లు తిప్పుకున్నారు. గాలి ఆడక అనుకుని మేము ఫ్యాను పెంచేవాళ్లం.

ఆ తర్వాత మంచి రోజులు కొన్ని వచ్చాయి. లావణ్య బొమ్మలు మార్చింది. కొబ్బరికాయ, తాడు, నూలు కట్ట, పడవ, మా ఇంట్లో వాడే మాటలే బొమ్మల కింద తెలుగులో రాసింది. ఆమె రాని రోజుల్లో నేను చేయించాలి కదా, నాకేమో ఏ భాషలోనూ అక్షరం రాదు. బస్సు మీది పేరును కూడా ఆకారం చూసి గుర్తుపట్టేదాన్ని. ఆయన పక్కనే కూర్చోబెట్టి నాకూ నేర్పింది. యాభై దాటాక పలక పట్టాను. ఆయన మొదట పలికిన మాట నూలు. తర్వాత తాడు, నీళ్లు, చాలు. కొన్ని నెలలకు రెండు మాటలు కలిపారు. "మే, రా" అన్నారు ఒక ఉదయం. నేను వంటింట్లో పొయ్యి ఆర్పకుండానే పరుగెత్తాను. ఇక మూడు మాటలు కలపడం మొదలుపెడదాం అంది లావణ్య.

అంతలో గ్రాంటు గడువు అయిపోయింది. ఇంకొంత కాలానికి పొడిగించమని డాక్టర్లు అడిగారట, ఇవ్వలేదట. చివరి పరీక్షలకు ఆస్పత్రికి తీసుకుపోయినప్పుడు డాక్టర్ కూర్చోబెట్టి చెప్పారు. "మీ ఆయన విషయంలో మేం చాలా నేర్చుకున్నామమ్మా. ఈ స్టడీ తర్వాత వచ్చే పేషెంట్లకు ఉపయోగపడుతుంది."

"వచ్చేవాళ్లకి సరి సార్. ఈయనకి?" అన్నాను.

డాక్టర్ కళ్లద్దాలు తీసి టేబుల్ మీద పెట్టారు. "ఫిజియోథెరపీకి ఓపీకి రావచ్చు. స్పీచ్ థెరపిస్ట్‌ది ప్రాజెక్ట్ పోస్టు. ఇక్కడ వేరే ఎవరూ లేరు" అన్నారు. అబద్ధం చెప్పి పంపలేదు, అందుకు ఆయన మీద నాకు గౌరవమే.

లావణ్యకు హైదరాబాద్‌లో ఉద్యోగం వచ్చింది. కొన్నాళ్లు వీడియో కాల్‌లో చేయించబోయింది. ఫోన్‌లో చిన్న ముఖం చూసి మా ఆయన కళ్లు మూసుకునేవారు. ఊళ్లో ప్రైవేటుగా ఒకరి దగ్గరికి పోయాం. మంచి మనిషే కానీ తెలుగు రాదు. ఆ తర్వాత ఒక ఉదయం ఫిట్స్ వచ్చాయి. మళ్లీ అడ్మిట్ చేశాం. తలకు దెబ్బ తగిలిన వాళ్లకు ఎన్నాళ్లకైనా రావచ్చన్నారు, మాత్రలు రాశారు. ఇంటికి వచ్చేసరికి సగం మాటలు పోయాయి. పాత బొమ్మలు తీసి నేనే మొదటి నుంచి మొదలుపెట్టాను. చాలా వరకు తిరిగి వచ్చాయి.

ఇప్పుడు ఉదయం పూట శేఖర్ ఆయన్ను అంగడిలో కూర్చోబెడతాడు. పాత జాలర్లు వచ్చి తమిళంలో పలకరిస్తారు. ఆయన నా వైపు చూస్తారు. నేను తెలుగులో చెబుతాను, ఆయన ఒకటో రెండో మాటలు అంటారు, నేను మళ్లీ తమిళంలో వాళ్లకు చెబుతాను. ఆయన చెప్పాలనుకున్నది అంతకన్నా ఎక్కువని ముఖం చూస్తే తెలుస్తుంది. నాకు దొరికినంతే వాళ్లకు చెబుతాను. శేఖర్ ఇప్పుడు అంగడిలో ప్రతి చిన్న విషయం అన్నను అడిగి చేస్తాడు. ఆయన జవాబు చెప్పని రోజులే ఎక్కువ.

ఇలాంటి ప్రాజెక్ట్ మీ ఇంటికి వస్తే వద్దనకండి, చేరండి. కానీ ఎప్పటివరకు ఉంటుందని మొదటి రోజే అడగండి. వాళ్లు చేయించేది మీరూ చేయడం నేర్చుకోండి. ముఖ్యంగా, వాళ్లు పోయేలోపల, దీని తర్వాత ఏం చేయాలి, దాని తర్వాత ఏం చేయాలి అని చివరిదాకా చెప్పించుకోండి. నేను అది అడగలేదు. రెండు మాటల వరకు ఎలా తీసుకురావాలో నాకు తెలుసు. రోజూ అక్కడిదాకా తీసుకొస్తాను. మూడో మాట కోసం ఆయన నా ముఖం చూస్తారు.