రైలుబస్సెక్కిన తువ్వాలు

మా ఊరి రైల్వే హాల్టు చరిత్ర మా అత్తగారికే తెలుసు. ఆవిడ చిన్నతనంలో వాళ్ల నాన్నగారు రైలెక్కిస్తానని మాటిచ్చారట. ఆ మాట తీరకముందే, యుద్ధానికి ఇనుము కావాలని తెల్లదొరలు పట్టాలు పీక్కుపోయారు. అరవై ఏళ్లకి మళ్లీ పట్టాలు వేసి, కాకినాడ నుంచి ఒంటిపెట్టె రైలుబస్సును పంపారు. మా హాల్టులో సౌకర్యాలంటే ఒక సిమెంటు బెంచీ, నీళ్లు రాని కుళాయి, పసుపు బోర్డు. టిక్కెట్లు కూడా బండిలోనే ఇచ్చేవారు.

మొదటిరోజు జనం విరగబడ్డారు. బస్సు అలవాటుకొద్దీ కిటికీలోంచి సీటు మీదకి తువ్వాలు విసిరాను. అత్తగారిని నడిపించుకుంటూ తలుపు దగ్గరకు చేరేలోగా బండి కదిలింది.

"తువ్వాలెక్కేసింది, నేనెక్కలేదే!" అన్నారావిడ.

నేను పరుగెత్తుతూ, "ఆపండి! పెద్దావిడున్నారండి!" అని అరిచాను.

డ్రైవరు తల బయటపెట్టి, "ఇది రైలండీ, బస్సు కాదు!" అన్నాడు.

"మరి బస్సని పేరెందుకు పెట్టారండి?" అన్నాను.

ప్లాట్‌ఫారమంతా గొల్లున నవ్వింది. బండి ఆగింది. అంత రద్దీలోనూ తువ్వాలున్న సీటు ఎవరూ ముట్టుకోలేదు. అత్తగారు దాన్ని ఒళ్లో పెట్టుకుని, ద్రాక్షారామం దాకా చిన్నపిల్లలా నవ్వుతూనే ఉన్నారు.