చీకట్లో దొరికిన నాడి

ఒట్టు వేయమంటే వేస్తాను. ఇందులో ఒక్క అంకె కూడా నేను కల్పించలేదు.

నక్సలైట్లు, అంటే అన్నలు, రాత్రిపూట ఊళ్ళలోకి వచ్చి దొరలను నిలదీస్తున్న కాలం. కోరుట్లలో ఒక చిన్న నర్సింగ్ హోమ్‌లో నాది నైట్ డ్యూటీ. బంద్ వల్ల డాక్టరుగారు జగిత్యాలలోనే ఆగిపోయారు. లోపల దొర ఉన్నాడని తెలియకుండా కాంపౌండరు బయటి నుంచి షట్టర్‌కు తాళం వేసి ఇంటికి వెళ్ళాడు. లోపల ముగ్గురమే... నేను, కోనరావుపేట వైపు నుంచి ఊరొదిలి వచ్చిన ఒక దొర, గుండె జబ్బుతో మంచంలో ఉన్న ఆయన భార్య.

పది గంటలకు దొరసానికి గుండె మాత్ర వేయాలి. వేసే ముందు నిండు నిమిషం నాడి చూడాలి. అరవై కన్నా తక్కువుంటే వేయకూడదు. వేస్తే గుండె ఆగిపోవచ్చు.

బయట గుంపుగా అడుగుల చప్పుడు. దొర చటుక్కున లైటు ఆర్పేశాడు.

"వెలుగు కనవడితే అన్నలు నన్ను ఎతుక్కుంట అస్తరు, సిస్టరమ్మా. గట్లనే చూడు."

నా గడియారానికి రేడియం ముళ్ళున్నాయి. తడుముకుంటూ మణికట్టు పట్టుకున్నాను. చల్లగా ఉంది. టప్... టప్... నలభై ఎనిమిది.

"మాత్ర ఇయ్యద్దు దొరా. నాడి తక్కువున్నది."

"ఎట్ల చూసినవ్? ఆమె కుడి చెయ్యి నా చేతిలనే ఉన్నది గదా!"

ఎడమ చేతికి సెలైన్... అట్టముక్క పెట్టి మణికట్టు మూసుకుపోయేలా కట్టు కట్టింది నేనే.

మరి... నా వేళ్ళ కింద?

టప్... ఇంకా కొట్టుకుంటోంది.

వదలలేకపోయాను. వదిలితే అదే నన్ను పట్టుకుంటుందేమో... పరుగెత్తుదామంటే తాళం. అరుద్దామంటే బయట వాళ్ళు.

"బత్తి ఏయుండ్రి దొరా..." అన్నాను, నాకే వినపడీ వినపడనట్టు.

దొర చెయ్యి అడ్డం పెట్టి టార్చి వెలిగించాడు. నా చేతిలో ఏమీ లేదు. వేళ్ళు మాత్రం వంగే ఉన్నాయి.

దొరసాని కుడి చెయ్యి చూశాను. డెబ్బై నాలుగు.

"మంచిగనే ఉన్నది గదా! ఇయ్యి. ఆమెకేమన్న అయితే నిన్ను ఇడువ."

అంకె వేయమంటోంది. నా వేళ్ళు వద్దంటున్నాయి. మాత్ర గుప్పిట్లో పెట్టుకుని, ఆయన తిట్లు వింటూ కూర్చున్నాను. గంటగంటకూ చూశాను. డెబ్బై రెండు... అరవై ఆరు... తెల్లవారుజామున, నలభై ఎనిమిది. ఆ మాత్ర పడి ఉంటే ఆమె దక్కేది కాదు.

పొద్దున షట్టర్ లేచింది. దొర దగ్గరికి వచ్చి గొంతు తగ్గించాడు.

"రాత్రి నువ్వు పట్టుకున్న చేతికి... కడియం ఉండెనా?"

"ఉండె దొరా. దొరసానమ్మ గాజనుకున్న."

"ఊర్ల నా చేతుల సచ్చినదానికి గదే కడియం ఉండె..." అని ఆయన గోడ వైపు తిరిగాడు. ఎవరిదని నేను అడగలేదు. ఆ చెయ్యి దొరసానిని బతికించడానికి వచ్చిందో... ఆయన కోసం వచ్చి నాకు దొరికిందో... ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాను.