ఆఖరి మోడల్

అమలాపురం నుంచి రాజోలు వెళ్లే బస్సులో నా పక్కన కూర్చున్నాయన కుడికాలు మలుపు వచ్చినప్పుడల్లా లేని బ్రేకు తొక్కుతోంది.

"డ్రైవింగా అండీ?" అన్నాను.

"ఆయ్. పద్దెనిమిదేళ్లు ఒకే అయ్యగారి దగ్గరండి. మొన్న పాత కారిచ్చేసి, అదే రకంలో ఆఖరి మోడల్ కొన్నారు. ఇంక ఆ కారు రాదంటండి. డాష్‌బోర్డు మీద చెక్క తీసేసి నల్ల ప్లాస్టిక్ వేసేరు. డీజిల్ ఇంజినూ ఆపేసేరు, పెట్రోలొకటే. వాడపల్లి గుడిలో కొత్త కారుకి పూజ చేయించి వస్తూ బంకులో ఆపేనండి. అలవాటు కొద్దీ డీజిలే కొట్టించేను."

"అయ్యగారేమన్నారు?"

"తాళం ఇచ్చెయ్యమన్నారండి."

ఆయన తాటిపాకలో దిగిపోయారు.

ఇప్పటికీ బస్సు మలుపు తిరిగితే నా కుడికాలు బిగుసుకుంటుంది. నాకు డ్రైవింగ్ రాదు.