ఐదుకీ ఐదున్నరకీ నడుమ నా సిద్ధాంతం

పరువు పోవడంలో కూడా స్థాయిలుంటాయి. బస్సెక్కుతూ జారిపడితే పోయే పరువు తర్వాతి స్టాపులో మళ్లీ దొరుకుతుంది. పెళ్లిలో సాంబారు మీద పోసుకుంటే పోయే పరువు సబ్బుకు లొంగుతుంది. నా పరువు మాత్రం నాంపల్లిలో, మైకు ముందు, ప్రొజెక్టరు వెలుగులో, ముప్పైమంది కాబోయే డాక్టర్ల కళ్లెదుట పోయింది. డాక్టర్లంటే దవాఖాన డాక్టర్లు కాదు, సంగీతంలో పీహెచ్‌డీ చేసేవాళ్లు. మా దగ్గరికి వస్తే ఎవరి జ్వరమూ తగ్గదు. పాడటం మొదలుపెడితే రావచ్చు.

మా సంగీత పరిశోధక విద్యార్థుల సంఘంలో పద్నాలుగుమంది సభ్యులకు పదిహేను పదవులు ఉండేవి. మిగిలిన ఆ ఒక్కటీ నాకే తగిలింది. కాబట్టి నేను సంఘం కార్యదర్శినీ, వార్షిక సదస్సు కన్వీనర్‌నీ కూడా. కన్వీనర్‌గా హాలు కావాలని కార్యదర్శికి ఉత్తరం రాసేవాణ్ని. కార్యదర్శిగా ఆలోచించి చెప్తానని జవాబు రాసుకునేవాణ్ని. పదవి అన్నాక కాస్త బెట్టు ఉండాలి కదా!

ఆ ఏడాది సదస్సు నాకు చావుబతుకుల వ్యవహారం. నా పరిశోధన మొదలై ఆరేళ్లయింది. గడువు మూడుసార్లు పొడిగించారు. మా గైడు హైమావతి మేడం ఆరేళ్లలో నన్ను ఒక్కసారి కూడా మెచ్చుకోలేదు. ఒకసారి మాత్రం "చేతిరాత బాగుంది" అన్నారు. అది నేను టైపు చేయించింది.

"నరేందర్, శనివారం సదస్సులో పేపర్ చదువు," అన్నారు మేడం. "అది నిలబడితే సోమవారం నీ సినాప్సిస్ మీద సంతకం పెడతాను. లేకపోతే సోమవారంతో నీ రిజిస్ట్రేషన్ పోతుంది. ఆ తర్వాత ఏ పెళ్లి బ్యాండులో చేరతావో నీ ఇష్టం."

చూశారా, ఆరేళ్ల బతుకు ఒక్క సంతకానికి వేలాడుతోంది. అయినా నేను ధైర్యంగానే ఉన్నాను. ఎందుకంటే నా దగ్గర సిద్ధాంతం ఉంది.

నా అంశం తెలంగాణ ఆడవాళ్ల నాటు పాటలు. అంటే వరి నాట్లేస్తూ పాడుకునేవి. బుద్ధిమంతుడైతే పల్లెలకు పోయి, బురదలో దిగి, విని రాసుకుంటాడు. నాకు ఎండ పడదు. ఇలా ఉండగా నాంపల్లి స్టేషను దగ్గర టిఫిన్ బండి నడిపే బాలమ్మ దోసె తిప్పుతూ నాటు పాట పాడటం విన్నాను. ముప్పై ఏళ్ల కింద పాలమూరు నుంచి వచ్చిందట. పల్లే స్వయంగా రైలెక్కి స్టేషన్లో దిగితే, నేనెందుకు రైలెక్కాలి?

ఆమె అబిడ్స్ వెనక సందులో ఒక కిరాయి గదిలో ఉంటుంది. ఆదివారం సాయంత్రం ఫోను పట్టుకుని వెళ్లాను.

"పాడుత గని బిడ్డా," అంది బాలమ్మ. "నువ్వు ఎదురుంగ గుడ్లప్పగించుకోని కూసుంటే నాకు పాట రాదు."

"మరెట్ల పెద్దమ్మా?"

"గా ఫోను గీడ స్టూలు మీద పెట్టు. నువ్వు వోయి చాయ్ తాగి రా."

నేను పరిశోధకుణ్నయితే అభ్యంతరం చెప్పాలి. నాకు చాయ్ అంటే ప్రాణం, అందుకని చెప్పలేదు. అలా ఏడు ఆదివారాలు ఏడు పాటలు రికార్డయ్యాయి. లోపల ఆమె పాడింది, సందు చివర హోటల్లో నేను బిస్కెట్టు ముంచుకున్నాను. ఇంటికొచ్చి ఆ రికార్డింగుల్ని కంప్యూటర్లో వేసి, హారన్లూ అరుపులూ, వెనక వినిపించే రొదంతా తుడిచేశాను. బాలమ్మ గొంతు ఒక్కటే మిగిలింది, కడిగిన ముత్యంలాగా.

ఇక కొలవడం మొదలుపెట్టాను. శ్రుతి అంటే పాట నిలబడే నేల. పక్కన ఏ వాద్యమూ లేకపోతే ఎంత గాయకుడికైనా ఆ నేల రోజుకో చోట ఉంటుంది. బాలమ్మ ఏడు పాటలూ ఒకే శ్రుతిలో ఉన్నాయి. వెంట్రుకవాసి తేడా లేదు! పైగా అది ఐదో శ్రుతీ కాదు, ఐదున్నరా కాదు, ఆ రెంటి నడుమది. హార్మోనియంలో అలాంటి మెట్టే లేదు. నాకు ఒళ్లు జలదరించింది. హార్మోనియం పుట్టకముందు నుంచీ, తల్లి నుంచి బిడ్డకు, వందల ఏళ్లుగా దిగివస్తున్న ఆదిమ శ్రుతి ఇది అని తేల్చేశాను.

ఇంకో వింత కూడా ఉంది. పాట నడుమ ఆమె హఠాత్తుగా ఆగిపోతుంది. కాసేపు నిశ్శబ్దం. తర్వాత ధన్, ధన్ అని రెండు దెబ్బలు, అవి పాటలో భాగమేనని తుడవలేదు. మళ్లీ పాట. ఆ నిశ్శబ్దానికి 'గర్భమౌనం' అని పేరుపెట్టాను. నాట్లేసే స్త్రీ పాదంతో రెండుసార్లు తట్టి భూదేవిని మేల్కొలపడమే ఆ దెబ్బలని ఎనిమిది పేజీలు రాశాను. ఎనిమిది!

మృదంగం మీద పరిశోధన చేసే నా స్నేహితుడు శ్రీకాంత్ అది చదివి బుర్ర గోక్కున్నాడు.

"అరె భాయ్, ఆమె పాడేటప్పుడు నువ్వు చూసినవా?"

"చూసేదేముంది? సంగీతం వినేది."

"జర ఒక్కసారి లోపలికి వోయి చూసి రారాదు?"

"మీ మృదంగపోళ్లకు ఏదైనా చేత్తో కొట్టి చూస్తే గాని నమ్మకం కుదరదు," అని తీసిపారేశాను. వినాశకాలే విపరీతబుద్ధి అంటారు. నాకు ఆ బుద్ధి కాలంతో పనిలేకుండా వస్తుంది.

శనివారం వచ్చింది. నాంపల్లిలో చిన్న హాలు, వెనక బ్యానరు, ముందు వరసలో హైమావతి మేడం. నేను ఊగిపోతూ పేపర్ చదివాను. 'ఆదిమ శ్రుతి' అన్నచోట గొంతు వణికించాను. 'గర్భమౌనం' అన్నచోట పది సెకన్లు మౌనంగా నిలబడ్డాను. మేడం తల ఊపారు. ఆరేళ్లలో మొదటిసారి! సంతకం నా జేబులో ఉన్నట్టే. చప్పట్లు కొట్టించుకుని దిగిపోతే ఇవాళ ఈ కథ మీకు దక్కేది కాదు.

ఊరకున్నంత ఉత్తమం లేదు, బోడిగుండంత సుఖం లేదు అన్నారు పెద్దలు. రెండోది నాకు ఇరవై ఎనిమిదేళ్లకే వచ్చేస్తోంది. మొదటిది ఈ జన్మలో రాదు.

"నా సిద్ధాంతానికి రుజువు ఈ హాల్లోనే ఉంది!" అని అరిచాను. "పెద్దమ్మా, రా!"

వారం రోజులు బతిమాలితే నలుగురి ముందు పాడటానికి ఒప్పుకుని, కొత్త చీర కట్టుకుని చివరి వరసలో కూర్చున్న బాలమ్మ వేదికెక్కింది. శ్రుతి చూపించే యంత్రాన్ని తెర మీదకు ఎక్కించాను. పాట ఏ శ్రుతిలో ఉంటే ముల్లు అక్కడ నిలబడుతుంది.

"పాడు పెద్దమ్మా."

బాలమ్మ అటూ ఇటూ చూసి ఎత్తుకుంది. ముల్లు మూడు దగ్గర నిలబడింది.

"మైకు కొత్త కదా," అని సభకు సర్దిచెప్పాను. "మళ్లీ పాడు పెద్దమ్మా."

ఈసారి నాలుగున్నర. మూడోసారి ముల్లు ఎక్కడ నిలబడాలో తెలియక దారి తప్పిన ఆటోలాగా తిరిగింది. బాలమ్మ ఆపేసింది.

"వస్తలేదు బిడ్డా."

"ఏం వస్తలేదు?"

"గుయ్యిమనేది వస్తలేదు గీడ."

"గుయ్యిమనేది ఏంది పెద్దమ్మా?"

"ఫ్రిజ్జు."

హాలంతా నిశ్శబ్దం. అసలైన గర్భమౌనం అంటే అదీ.

మేడం లేచి నిలబడ్డారు. "ఏ ఫ్రిజ్జమ్మా?"

"మా ఇంట్ల ఉన్నది మేడం, పాతది. అది గుయ్యిమంటుంటే గండ్లనే గొంతు కలిపి పాడుత. ఊర్ల ఉన్నప్పుడు నా పక్కన పదిమంది పాడేటోళ్లు. గీడ ఒక్కదాన్నే గదా, గదే నాకు తోడు."

"మరి పాట మధ్యలో ఆగుతావట కదా?"

"ఔ. అది ఆగుతె నేను సుత ఆగుత."

"ఆ తర్వాత రెండు దెబ్బలు?"

"పాతది గదా మేడం, ఊకె ఆగుతది. రెండు గుద్దుతె మళ్ల నడుస్తది."

మేడం నా పేపరు తిరగేసి, "భూదేవిని మేల్కొలపడం, ఎనిమిది పేజీలు," అని పైకి చదివారు. ముప్పైమంది ఒక్కసారిగా నవ్వారు. మా సదస్సుల్లో అందరూ ఒకే తాళంలో ఏదైనా చేయడం అదే మొదటిసారి.

కొండను తవ్వి ఎలుకను పట్టడం అందరూ చేసేదే. ఆరేళ్లు తవ్వి ఫ్రిజ్జును పట్టిన ఘనత నాదే.

అక్కడితో వదిలారా? లేదు. శ్రీకాంత్ ఇద్దర్ని వెంటబెట్టుకుని, వరండాలో ఉన్న క్యాంటీన్ కూల్‌డ్రింక్ ఫ్రిజ్జును సీసాలు గలగలమంటుంటే వేదిక దగ్గరికి తోసుకొచ్చాడు. ప్లగ్గు పెట్టాడు. గుయ్యిమంది. బాలమ్మ ముఖం వెలిగిపోయింది. చెవి అటు వంచి పాట ఎత్తుకుంది. ముల్లు సూటిగా పోయి ఐదుకీ ఐదున్నరకీ నడుమ నిలబడింది! నా పేపరుకు వచ్చిన చప్పట్లకు రెండింతలు ఆ ఫ్రిజ్జుకు వచ్చాయి.

"ఏ ఫ్రిజ్జయినా అదే కరెంటు తాగి అదే శ్రుతిలో మూలుగుతుంది," అన్నారు మేడం. "నువ్వు చెప్పిన పరంపర ఉంది నరేందర్. కాకపోతే అది పొలంలోంచి రాలేదు, కరెంటు స్తంభం మీంచి వచ్చింది. అది సరే, ఇక్కడ 'క్షేత్ర పరిశీలన' అని రాశావు. ఆమె పాడేటప్పుడు నువ్వెక్కడున్నావు?"

"చాయ్ హోటల్లో మేడం."

భూదేవిని అంతసేపు మేల్కొలిపాను కదా, ఒక్కసారి నోరు తెరిచి నన్ను లోపలికి తీసుకోవచ్చు. తీసుకోలేదు.

"రేపు మళ్లీ వెళ్లు," అన్నారు మేడం. "గదిలో కూర్చో. ఫ్రిజ్జు ఆపి రికార్డు చెయ్యి. విన్నది విన్నట్టు రాసి సోమవారం పొద్దున తీసుకురా. అప్పుడు చూద్దాం."

ఆదివారం బాలమ్మ గదికి వెళ్లి ఫ్రిజ్జు స్విచ్చు నేనే ఆపాను. ఈసారి బయటికి పోనని మొండికేశాను.

"అట్లయితె గోడ దిక్కు తిరిగి కూసో," అంది. తిరిగాను.

"ఒక్కదాన్నే ఎట్ల పాడాలె బిడ్డా, ఆసర లేకుంట?"

"నేను శ్రుతి ఇస్తాను పెద్దమ్మా," అని గొంతు సవరించుకుని ఊఁ... అన్నాను. ఆరేళ్లుగా సంగీతంలో పరిశోధన చేస్తున్న గొంతు అది.

బాలమ్మ కాసేపు మర్యాదగా విన్నది. "వద్దులే బిడ్డా. ఫ్రిజ్జే నయముండె."

తర్వాత తనంతట తనే పాడింది. నడుం వంచి నాటేసే పాట కింది శ్రుతిలో, గట్టు మీద కూర్చుని వేళాకోళమాడే పాట పైశ్రుతిలో. పోయిన చెల్లెలిని తలచుకునే పాట మరీ కింద, దాదాపు మాటలాగా. ఏ పాటకు ఎంత నేల కావాలో ఆమెకు తెలుసు. నేను గోడకేసి చూస్తూ కూర్చున్నాను. నిజంగా సిగ్గేసింది, కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఇంత పాట లోపల ఉండగా ఏడువారాలు బయట బిస్కెట్లు తిన్నవాణ్ని ఏమనాలి? ఇంటికి పరుగెత్తి, విన్నది విన్నట్టు రాశాను.

సోమవారం పొద్దున మేడం పన్నెండు పేజీలు ఒక్క మాట లేకుండా చదివారు. పెన్ను తీశారు. సంతకం పెట్టారు! "ఇది బాగుంది," అన్నారు. నేను మెట్లు దిగలేదు, తేలుతూ వచ్చాను. ఆఖరి మెట్టు మీద ఉండగా ఫోను మోగింది.

"బిడ్డా, సంతకం అయిందా?"

"అయింది పెద్దమ్మా! అంతా నీ దయ!"

"మంచిగయింది. నిన్న ఫ్రిజ్జు బంద్ జేసినవు గదా."

"ఔ పెద్దమ్మా, పాట కోసం."

"మళ్ల స్విచ్చేసి చాలు జేసినవా?"

ఫోను పట్టుకుని అక్కడే మెట్టు మీద కూలబడ్డాను.

"ఆగుడు దానికి అలవాటేనని నేను సుత చూడలే," అంది బాలమ్మ. "రెండు గిన్నెల ఇడ్లీ పిండి పెడితి అండ్ల. పొద్దుగాల లేసి చూస్తె, పిండి పొంగి, తలుపు నెట్టుకోని, కిందికి దిగి నా చాప దాక వచ్చింది."

"ఇప్పుడే వస్తున్నా పెద్దమ్మా, అంతా నేను కడుగుతా."

"కడుగుడు అయిపోయింది. నువ్వు సక్కగ బండి కాడికి రా. ఇడ్లీ ఏదని కొట్లాటకు వస్తున్నరు, వాళ్లకు నువ్వే జవాబు చెప్పాలె."

చంకలో సంతకమైన సినాప్సిస్‌తో నాంపల్లి స్టేషను ముందు, టిఫిన్ బండి పక్కన నిలబడ్డాను. నేలపాలు కాగా మిగిలిన పులిసిన పిండితో బాలమ్మ ఊతప్పాలు వేస్తోంది. ఆఫీసు బ్యాగు తగిలించుకున్న ఒక పెద్దమనిషి మొదటి ముక్క నోట్లో పెట్టుకుని, ఒక కన్ను మూసుకుని, నా వైపు తిరిగాడు.

"ఏందన్నా గిట్లున్నది? ఏమైంది పిండికి?"

"దాని మీద పరిశోధన జరిగిందన్నా," అన్నాను.

కాబట్టి పాఠక మహాశయులారా, సరస్వతీదేవి సాక్షిగా, బాలమ్మ పెనం మీద ఎడమచెయ్యి పెట్టబోయి కాలుతుందని తీసేసి, ఇందుమూలంగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఎవరింట్లో పాట రికార్డు చేసినా గదిలోనే కూర్చుంటాను. ఫ్రిజ్జు ఆపితే, ఆపిన క్షణమే నా స్కూటరు బండి తాళంచెవి ఆ ఫ్రిజ్జులో పెడతాను. అప్పుడు తాళం కోసమైనా తలుపు తీస్తాను, తీసినప్పుడైనా స్విచ్చు గుర్తొస్తుంది. ఇందులో లోపమే లేదు. ఆ రోజు బండి మీద వెళ్లడం ఒక్కటి మరిచిపోకుండా ఉంటే చాలు.