ఖాళీ సీట్లో కుదిరిన కాలిబ్రేషన్

దయ్యాలున్నాయని నేనెప్పుడూ నమ్మలేదు. బతికున్నవాళ్ల మీద ఫిర్యాదులకే నాకు తీరిక చాలదు, ఇక పోయినవాళ్ల జోలికెళ్లే ఓపిక ఎక్కడిది? కరెంటాఫీసు మీద పెట్టాను, పంచాయతీ మీద పెట్టాను, కొత్త చెప్పులు వారం తిరక్కుండా తెగితే ఆ కొట్టు మీద కూడా పెట్టాను. లేనిది ఉన్నట్టు ఎక్కడా రాయలేదు. ఇదీ అంతే. పట్టపగలు, నలుగురం ఉండగా జరిగింది.

మాది నరసరావుపేట దగ్గర పల్లె. శివరాత్రికి కోటప్పకొండకు ప్రభ తీసుకెళ్లే ఊరు. వెదురు గడలతో కట్టిన, డాబాలను మించి లేచే ప్రభను బండి మీద నిలబెట్టి, చుట్టూ మోకులు పట్టుకుని, ఒరగకుండా నడిపించుకుంటూ కొండ దాకా వెళ్తాం. కింద దారి చదునుగా లేకపోతే అంత ఎత్తు ప్రభ అడుగు కూడా కదలకూడదు. ఇది జరిగిన ఏడాది పైపులైను కోసమని పంచాయతీ వాళ్లు మా ప్రభ సందును తవ్వి, సగం పూడ్చి పోయారు. దాని మీద నేను పెట్టిన ఫిర్యాదుకు ఇప్పటికీ జవాబు లేదు.

సందు ఇరుకు. పెద్ద యంత్రాలు దూరవు. నా దగ్గర కొత్తగా కొన్న మినీ లోడర్ ఉంది, మట్టెత్తి చదును చేసే చిన్న బండి, ఆటో పట్టే చోట పడుతుంది. ప్రభ కమిటీ మీటింగులో లేచి, సందు నేను చదును చేస్తానన్నాను.

కమిటీ పెద్ద మా పెదనాన్న కొడుకు బ్రహ్మయ్య అన్నయ్య. తన కూతురి పెళ్లి భోజనాల్లో నన్ను మూడో బంతిలో కూర్చోబెట్టిన మనిషి. అందరి ముందూ నవ్వి, "నీ బొమ్మ బండా? పేడ ఎత్తుకోడానికి బాగుంటది లేరా సాంబా" అన్నాడు. మీటింగంతా నవ్వింది. ఎవరెవరు నవ్వారో నాకు గుర్తుంది.

"ప్రభ కదిలే వేళకి సందు అద్దంలా లేకపోతే నా పేరు మార్చుకుంటా" అన్నాను.

మర్నాడు ప్రభ బయలుదేరుతుందనగా, ఆ ఉదయం లోడర్ తీసుకుని సందులోకి దిగాను. బండి తోలే పిడి, అదే జాయ్‌స్టిక్, మీంచి చెయ్యి తీసేస్తే బండి ఉన్నచోట నిలబడాలి. అది నిలబడకుండా మెల్లగా ఎడమకు జరగడం మొదలుపెట్టింది. ముందుకు తోలితే ముందుకూ పోతుంది, ఎడమకూ పోతుంది. ఎడమ వైపున్నది బ్రహ్మయ్య అన్నయ్య ఇల్లు. అరుగు మూల కాస్త రాలింది. కావాలనే చేశానని ఆయన ఇప్పటికీ అంటాడు. కావాలని చేస్తే మూలతో ఆగేవాణ్ణా?

కంపెనీకి ఫోన్ చేస్తే చాలాసేపు పాట వినిపించి కట్ చేశారు. పేట నుంచి మస్తాన్‌ను పిలిపించాను. నా బండ్లన్నీ బాగుచేసేది అతనే, నాతో ఎక్కువ పోట్లాడేదీ అతనే.

బండిని అటూ ఇటూ తోలి చూసి, "ఇది మధ్య మర్చిపోయింది సాంబన్నా, మళ్లీ నేర్పాలి" అన్నాడు.

ఆ నేర్పడాన్నే కాలిబ్రేషన్ అంటారు. జాయ్‌స్టిక్ ఎక్కడుంటే బండి ఆగాలో, ఎంత కదిలిస్తే చక్రం తిరగాలో లోపలి కంప్యూటర్‌కు తెలియాలి. బండిని దుంగల మీదికెత్తి చక్రాలు నేలకు తగలకుండా నిలబెడతారు. ఆయిల్ వేడెక్కనిస్తారు. మనిషి సీట్లో కూర్చుని, సేఫ్టీ బార్ ఒళ్లోకి దించుకుని, స్క్రీన్ మీద నొక్కి చేతులు తీసేస్తే, చక్రాలు వాటంతటవే మెల్లగా ముందుకీ వెనక్కీ తిరిగి లెక్క సరిచూసుకుంటాయి. మనిషి లేచినా, బార్ ఎత్తినా ఇంజిన్ మాత్రం ఆడుతుంది, చక్రాలకు తాళం పడిపోతుంది. ప్రాణరక్షణ కోసం పెట్టిన ఏర్పాటది.

కూర్చున్నాను. నొక్కాను. కాసేపటికి స్క్రీన్ మీద ఎర్రగా వచ్చింది, జాయ్‌స్టిక్ మధ్యలో లేదని. మళ్లీ చేశాం, మళ్లీ అదే. మస్తాన్ బ్యాటరీ చూశాడు, వైర్ల ప్లగ్గులన్నీ ఊడదీసి తుడిచి పెట్టాడు, ఆయిల్ ఇంకా వేడెక్కనిచ్చాడు. మళ్లీ ఎరుపే. పొద్దు నడినెత్తికొచ్చింది. సందు చివర రంగు కాగితాలన్నీ అంటించుకుని ప్రభ తయారుగా నిలబడి ఉంది. 

మా ఆవిడ అనసూయ మజ్జిగ తెచ్చింది. గ్లాసు అందిస్తూ లోపలికి చూసి, "ఆ దారమేందయ్యా, లేగదూడని కట్టేసినట్టు అంత బిగిచ్చారు?" అంది.

చూశాం. బండి కొన్న రోజు పూజలో దిష్టికని నిమ్మకాయలూ మిరపకాయలూ గుచ్చి కట్టిన నల్లదారం. ఇంటి పెద్ద చేత్తో కట్టాలని బ్రహ్మయ్య అన్నయ్యే కట్టాడు. మొన్న ఆదివారం కొత్త కాయలు మార్చిందీ ఆయనే. దారం ఒక కొస పక్క కమ్మీకి, రెండో కొస జాయ్‌స్టిక్ మెడకు. గింజంత పక్కకు లాగి పట్టుకుంది. పొద్దుట్నుంచీ నేనూ మస్తాన్ దాన్ని తప్పించుకుంటూ చేతులు పెడుతున్నాం. దిష్టి దారం ఎవరు ముట్టుకుంటారు?

"నీకు కనపడలేదంట్రా?" అన్నాను మస్తాన్‌తో.

"మీ దేవుడి దారం గదన్నా, నేనెట్టా తెంపుతా? నువ్వు రోజూ దాని పక్కనే కూర్చుంటివి గదా!"

తప్పు అన్నయ్య చేతిదని తేలగానే నాకు కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. దారం కోసేశాను. మళ్లీ కూర్చుని, బార్ దించుకుని నొక్కాను. చక్రాలు మెల్లగా కదలడం మొదలుపెట్టాయి. సరిగ్గా అప్పుడే బ్రహ్మయ్య అన్నయ్య సందులోకొచ్చాడు.

"ఏందిరా, ఇంకా దుంగల మీదే ఉందా నీ విమానం?"

నేను కూర్చోలేకపోయాను. బార్ ఎత్తి, కిందికి దూకి, నిమ్మకాయల దండ ఆయన మొహం ముందు ఆడించాను. మూడో బంతి దగ్గర్నుంచి అన్నీ అడిగాను. ఆయనా తగ్గలేదు. "నీ బండికి నా నిమ్మకాయే బరువైందంట్రా?" అన్నాడు. మస్తాన్ మా మధ్యకొచ్చి ఇద్దరినీ విడదీస్తున్నాడు.

"ఏమయ్యా, ఇటు చూడు" అంది అనసూయ. గొంతు చాలా నెమ్మదిగా ఉంది.

సీట్లో ఎవరూ లేరు. చక్రాలు తిరుగుతున్నాయి. ముందుకు కాస్త, వెనక్కి కాస్త. నేను ఎత్తి వచ్చిన సేఫ్టీ బార్ దించి ఉంది. స్క్రీన్ మీద సీట్లో మనిషి ఉన్నాడని చెప్పే చిన్న బొమ్మ పచ్చగా వెలుగుతోంది. సీటు మెత్త లోపలికి నొక్కుకుని ఉంది. నాకంటే సన్నటి మనిషి కూర్చుంటే పడేంత గుంట.

 కాసేపటికి కాలిబ్రేషన్ పూర్తయిందని బీప్ మోగింది. చక్రాలు ఆగాయి. బార్ పైకి లేచింది. మెత్త కిర్రుమంటూ పొంగి మామూలుగా అయింది. భయం వేయలేదు. మన పని మీద వచ్చినవాళ్లు పని ముగించుకుని లేచి వెళ్తే ఎలా ఉంటుందో అలా ఉంది.

మస్తాన్ ముందు తేరుకున్నాడు. మనిషి ఉన్నదీ లేనిదీ పసిగట్టే సీటు స్విచ్ పాడై ఉంటుందని నన్ను కూర్చోబెట్టాడు, లేవమన్నాడు. లేచిన ప్రతిసారీ బొమ్మ ఆరింది, చక్రాలకు తాళం పడింది. బార్ తనంతట తాను దిగలేదు, ఎన్నిసార్లు ఊపినా. స్విచ్‌లో ఏ లోపమూ దొరకలేదు.

బండి దించి తోలితే గీత గీసినట్టు పోయింది. చెయ్యి తీస్తే ఉన్నచోటే నిలబడింది. పొద్దు వాలేలోపు సందు చదునైపోయింది. మర్నాడు డప్పుల మధ్య మా ప్రభ ఒక్క ఊపు లేకుండా సందు దాటి పెద్ద రోడ్డెక్కింది. బ్రహ్మయ్య అన్నయ్య మోకు వదిలేసి వచ్చి, అందరూ చూస్తుండగా నా భుజం మీద చెయ్యేసి, "మావోడి బండిరా!" అని అరిచాడు. ఎవరెవరు విన్నారో అదీ నాకు గుర్తుంది.

కొండ దగ్గర పొంగళ్లు తింటూ కూర్చున్నప్పుడు అసలు గొడవ మొదలైంది. ఆ కూర్చున్నది వాళ్ల నాన్నేనని అన్నయ్య, బతికున్నన్నాళ్లూ ప్రభ బండి ముందు ఆయనే నడిచాడని. కాదు, తనకు పని నేర్పిన ఉస్తాదని మస్తాన్, సగంలో వదిలేసిన పని చూస్తే ఆయన ఊరుకోడట. తన నాన్నై ఉంటాడని అనసూయ, అల్లుడి మీద జాలితో వచ్చాడట. కూర్చున్నది నా బండిలో. నా తరఫువాళ్లని ఒక్కరూ అనలేదు. అది మాత్రం నేను మర్చిపోను. ఆ మాట అంటే అన్నయ్యకు నవ్వాగక పొరబోయింది. నేనూ నవ్వాను.

పండగయ్యాక కంపెనీ మనిషి వచ్చాడు. అంతా విని, సీటు స్విచ్ ఊరికే మార్చిస్తామన్నాడు. ఊరికే వచ్చేదాని కోసం నేనెన్ని ఆఫీసుల మెట్లెక్కానో ఊరంతా ఎరుగుదురు. అయినా వద్దన్నాను. మస్తాన్ నా నుదురు ముట్టుకుని జ్వరముందేమోనని చూశాడు.

ఆ మధ్యాహ్నం అక్కడ ఎవరు కూర్చున్నారో, అసలు ఎవరైనా కూర్చున్నారో లేదో, నేను చెప్పలేను. దయ్యాలున్నాయని ఇప్పుడూ అనను. కాకపోతే పొద్దున్నే సీటెక్కే ముందు, చుట్టుపక్కల ఎవరూ లేరని చూసుకుని, "కాస్త జరగండి" అని మాత్రం అంటున్నాను.